కథ బాగున్నా రాయాలి, బాగోకపోయినా రాయాలి



మాది ఖమ్మం. నేను ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంట్‌ని. మావారికి ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. ఒక్కడే బాబు. ఇంగ్లీష్ మీడియంలో ఏడో తరగతి చదువుతున్నాడు. మార్కులకేం లోటు లేదు. కానీ క్లాసు పుస్తకం తప్ప ఇంకో పుస్తకం ముట్టుకోడు. నా బెంగంతా అదే.

చిన్నప్పుడు నేను చందమామ కోసం లైబ్రరీ తలుపు తియ్యకముందే వెళ్లి మెట్ల మీద కూర్చునేదాన్ని. పెళ్లయి వచ్చేటప్పుడు బైండు చేయించిన చందమామలు వెంట తెచ్చుకున్నాను. అన్నప్రాశన నాడు వీడు పాకుతూ వెళ్లి పుస్తకం పట్టుకుంటే, నా పోలికేనని ఎంత పొంగిపోయానో.

పోయిన డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి వెళ్లి రెండు సంచుల పుస్తకాలు తెచ్చాను. రోజూ రాత్రి ఎనిమిది నుంచి అరగంట చదవాలని నియమం పెట్టాను. చదివాక నోట్‌బుక్‌లో పది లైన్ల సారాంశం, పది కొత్త మాటలు, కథలో నీతి రాయాలి. రాస్తే అరగంట ఫోన్ ఇస్తాను. కొన్నాళ్లు బాగానే సాగింది. తర్వాత మరీ సన్నటి పుస్తకాలు ఏరుకోవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత తెలిసిందేమిటంటే, అట్ట వెనక రాసింది చూసి సారాంశం రాసేస్తున్నాడు! నిలదీస్తే ఏమన్నాడో తెలుసా? "కథ బాగున్నా రాయాలి, బాగోకపోయినా రాయాలి. ఇంకెందుకమ్మా చదవడం?"

తెలుగైతే ఒత్తుల దగ్గర తడుముకుంటాడు. నా చందమామలు ఇస్తే రెండు పేజీలు తిప్పి పక్కన పడేశాడు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. మావారేమో "క్లాసు పుస్తకాలు చదువుతున్నాడుగా, ఇంకా ఏం చదవాలి, వాణ్ని వదిలెయ్" అంటారు. ఆదివారం వస్తే వాడు వాళ్ల నాన్నతో షాపుకి పోతాడు. రైతులు "చిన్న సేటూ, దీని మీద ఏం రాసిందో కాస్త చదివిపెట్టు" అంటే కౌంటర్ దగ్గర నిలబడి మందు డబ్బాల మీద కాగితాలు గడగడా చదివేస్తాడట. ఇంటికొచ్చి "నల్ల తామర పురుగు ఎక్కడి నుంచి వచ్చిందమ్మా?" అంటాడు. ఆ శ్రద్ధ కథల పుస్తకం మీద పెడితే ఎంత బాగుండు!

తప్పు ఎక్కడ జరుగుతోందో చెప్పండి.

— ఒక తల్లి, ఖమ్మం

అమ్మా,

మీ అబ్బాయి అన్న మాట సరైనదే. బాగున్న కథకీ, బాగోలేని కథకీ ఒకటే ఫలితం ఉంటే ఆ రెంటి మధ్య తేడా ఏ పిల్లవాడికైనా ఎందుకు పట్టాలి? పది లైన్లు, పది మాటలు, ఒక నీతి. వాడు చదువుతున్నది కథ కాదు, రాయాల్సిన పనికి ముడిసరుకు. అట్ట వెనక చూసి రాయడాన్ని మీరు మోసం అనుకుంటున్నారు. మీరు పెట్టిన పనిని తక్కువ శ్రమతో ముగించే దారి వెతుక్కున్నాడంతే. స్కూల్లో హోంవర్కు ఎలా చేస్తాడో ఇదీ అలాగే చేశాడు, ఎందుకంటే అది హోంవర్కే.

ఆ నోట్‌బుక్ ఆపేయండి. నెమ్మదిగా తగ్గించడం కాదు, పూర్తిగా ఆపేయండి. ఆపుతున్నానని వాడితో చెప్పండి కూడా. లేకపోతే ఎప్పటికైనా అడుగుతారన్న అనుమానం మిగిలిపోతుంది. ఫోన్ బేరం కూడా ఎత్తేయండి. మందు మింగితే మిఠాయి ఇస్తామంటే, మందు చేదని మనమే ఒప్పుకున్నట్టు. ఫోన్‌కి ఎంత సమయం ఇవ్వాలన్నది వేరే విషయం. దానికీ పుస్తకానికీ ముడి పెట్టకండి.

ఫ్రాన్స్‌లో డానియల్ పెనాక్ అనే రచయిత ఉన్నారు. చాలా ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పిన మనిషి. చదువరికి ఉండాల్సిన పది హక్కులను 1992లో ఒక పుస్తకంలో రాశారు. మొదటి హక్కు, అసలు చదవకుండా ఉండటం. పేజీలు దాటేసే హక్కు ఉంది, సగంలో వదిలేసే హక్కు ఉంది, చదివిందే మళ్లీ చదివే హక్కు ఉంది. చివరిది, చదివాక ఏమీ చెప్పకుండా ఊరుకునే హక్కు. పెద్దవాళ్లం మనం ఇవన్నీ అనుభవిస్తూనే ఉంటాం. మీరు చిన్నప్పుడు లైబ్రరీ మెట్ల మీద కూర్చుని చదివిన కథలకి ఎవరైనా సారాంశం అడిగారా? ఎవరూ అడగలేదు గనకే మర్నాడు తలుపు తియ్యకముందే వెళ్లి కూర్చున్నారు.

ఇక చందమామల సంగతి. వాడు పక్కన పడేస్తే మీకు ఏడుపొచ్చిందంటే నాకు అర్థమవుతుంది. 1947 జూలైలో మొదలైన ఆ పత్రిక తెలుగు ఇళ్లలో ఎన్ని తరాలను చదువరులను చేసిందో మనకు తెలుసు. కానీ అది మీ బాల్యం. నెల నెలా కొత్త సంచిక కోసం ఎదురుచూడటంలో సగం రుచి ఉండేది. మీ అబ్బాయి చేతికి అవి కట్టగా, అమ్మ అపురూపంగా దాచుకున్న వస్తువుగా వచ్చాయి. నచ్చకపోతే అమ్మ బాధపడుతుందన్న బరువుతో సహా వచ్చాయి. వాటిని మీ గదిలోకి తెచ్చుకుని మళ్లీ మీరు చదువుకోండి. వాడు చూడాలని కాదు, మీకోసం. మీ ఉత్తరంలో ఇప్పుడు మీరు ఏం చదువుతున్నారో ఎక్కడా లేదు.

తెలుగు తడుముకోవడం గురించి కాస్త వివరంగా చెప్పాలి. వినడంలో వాడి తెలుగు పన్నెండేళ్ల పిల్లవాడిది, కంటితో చదవడంలో మూడో తరగతి పిల్లవాడిది అయి ఉంటుంది. ఇంగ్లీష్ మీడియం పిల్లలు చాలామందికి ఇదే ఇబ్బంది. కళ్లు చదవగలిగిన కథలు మరీ చిన్నపిల్లల కథల్లా ఉంటాయి. మనసుకి నచ్చే కథలు కళ్లకి అందవు. ఈ ఎడం తగ్గాలంటే కొన్నాళ్లు మీరు చదివి వినిపించాలి. ఏడో తరగతి వాడికి చదివి వినిపించడమేమిటి అనుకోకండి. పక్కన కూర్చోబెట్టుకుని పుస్తకం వాడికీ కనబడేలా పట్టుకుని, వేగంగా కాకుండా, గొంతులు మార్చి చదవండి. ఒత్తులు వాడి కంటికీ చెవికీ ఒకేసారి అలవాటవుతాయి. మధ్యలో ఆపి "ఈ మాట నువ్వు చదువు" అని మాత్రం అనకండి.

ఎక్కడ ఆపాలన్నది కూడా ముఖ్యమే. గిజుభాయి బధేకా అని గుజరాత్‌లో, భావ్‌నగర్‌లో పిల్లల బడి నడిపిన ఆయన ఉండేవారు. మొదట వకీలు, తర్వాత పంతులయ్యారు. 1930లలో ఆయన రాసిన 'దివాస్వప్న' తెలుగులో 'పగటికల'గా వచ్చింది. దొరికితే మీరూ, మీ అబ్బాయి టీచరూ ఇద్దరూ చదవండి. అందులో లక్ష్మీరామ్ అనే పంతులు నాలుగో తరగతి పిల్లల ముందు మొదటి రోజు పూర్తిగా ఓడిపోతాడు. నిశ్శబ్దంగా కూర్చునే ఆట ఆడిద్దామనుకుంటాడు, క్లాసంతా గోల. మర్నాడు కథ ఎత్తుకుంటాడు. అంతవరకు అల్లరి చేసిన పిల్లలే చెవులు రిక్కించి వింటారు. కథ మధ్యలో ఆపితే ఇళ్లకు పోమంటారు. ఆ ఆకలి పుట్టాకే వాళ్ల ముందుకు పుస్తకాలు తెస్తాడు. పాఠ్యపుస్తకాలకు పెట్టే డబ్బుతో తలా ఒక వేరే పుస్తకం కొనిపించి క్లాసుకే ఒక లైబ్రరీ పెడతాడు. పిల్లలు వాటిని మార్చుకుంటూ చదువుకుంటారు. పరీక్షల అధికారికి జవాబు చెప్పుకోవాల్సి వచ్చినా ఆ పంతులు తగ్గడు. ముందు కథ, తర్వాత పుస్తకం, ఆ తర్వాతే వ్యాకరణమైనా ఇంకేదైనా. ఈ వరస మన ఇళ్లలో తలకిందులవుతోంది.

మీరూ అలాగే, కథలో తలుపు వెనక ఎవరున్నారో తెలియబోయే చోట పుస్తకం మూసి లైటు తీసేయండి. పుస్తకం వాడి మంచం దగ్గరే వదిలేయండి. మీరు వెళ్లాక చదివాడో లేదో చూడకండి.

ఏ పుస్తకమంటే, 'రైలుబడి'తో మొదలుపెట్టమంటాను. తెత్సుకో కురొయనాగి రాసిన 'తొత్తోచాన్'కి తెలుగు. అల్లరి ఎక్కువని ఒక బడి వద్దన్న పిల్ల, పాత రైలుపెట్టెలే తరగతి గదులుగా ఉన్న ఇంకో బడికి వెళ్తుంది. చిన్న చిన్న అధ్యాయాలు, రాత్రికి ఒకటి రెండు చదవొచ్చు. ఆ తర్వాత సోమరాజు సుశీల గారి 'ఇల్లేరమ్మ కతలు'. ఆ పిల్ల చేసే పనులు పైకి చదువుతుంటే మీకే నవ్వు ఆగదు. 'బుడుగు' కంటితో కంటే చెవితోనే ముందు రుచి తెలిసే పుస్తకం. ఇవి నచ్చకపోతే వాదించకుండా పక్కన పెట్టండి. సంచుల్లో తెచ్చిన పుస్తకాల్లో కూడా వాడు వద్దన్నవాటిని ఎవరికైనా ఇచ్చేయమని వాడికే అప్పగించండి. ఏది వద్దో తేల్చుకోవాలంటే ముందు వాటిని తిరగేయాలి కదా.

ఇప్పుడు మీరు ఫిర్యాదులా రాసిన షాపు సంగతికి వస్తాను. నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే ఆశ కలిగించింది అదే. ఇంట్లో ఒత్తుల దగ్గర తడబడే పిల్లవాడు పురుగుమందు కాగితం మీద అంత చిన్న అక్షరాలను గడగడా చదువుతున్నాడు. ఆ కాగితంలో ఏముంటుంది? ఏ పంటకి, ఏ పురుగుకి, ఎంత మోతాదు, ఎన్ని నీళ్లలో కలపాలి, పిచికారీ చేశాక ఎన్నాళ్లు ఆగి కోయాలి, పొరపాటున లోపలికి పోతే ఏం చేయాలి. డబ్బా మీద నలుచదరపు గుర్తులో కింది సగం ఎరుపైతే అతి విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ వరసలో విషం తగ్గుతూ వస్తుంది. చదువు రాని రైతుకి ఆ రంగు తెలుస్తుంది, కాగితంలో మాట తెలియదు. మీ అబ్బాయి తప్పు చదివితే ఒకరి చేను పాడవుతుంది, లేదా ఒంటికి ముప్పొస్తుంది. అందుకే అక్కడ జాగ్రత్తగా, సరిగ్గా చదువుతున్నాడు. చదువుకి ఇంతకంటే గట్టి ప్రయోజనాన్ని నేను గానీ, స్కూలు గానీ వాడికి చూపించలేం. (డబ్బాలు విప్పడం, మందు కొలవడం మాత్రం వాడి చేత చేయించొద్దని మీవారికి చెప్పండి. చదవడం వరకే.)

మన దగ్గర చదువు ఇలా నడిచి వెళ్లిన కథలు ఉన్నాయి. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. పుస్తకం దగ్గరికి మనుషులు రాలేకపోతే మనుషుల దగ్గరికే పుస్తకం వెళ్లింది. మీ అబ్బాయికి ఈ సంగతి చెప్పి చూడండి. కౌంటర్ దగ్గర తను చేస్తున్న పని ఎంత పెద్దదో తెలుస్తుంది.

నల్ల తామర పురుగు గురించి అడిగాడన్నారు. మీరేం జవాబు చెప్పారో రాయలేదు. 2021-22లో ఖమ్మం మిర్చి రైతులను ఏడిపించిన పురుగు అది. ఆగ్నేయాసియా నుంచి మన దేశంలోకి వచ్చింది. పూతలో చేరి రసం పీల్చేస్తుంది. ఒక పురుగు సముద్రం దాటి మన ఊరి చేలోకి ఎలా వచ్చింది? మందు కొట్టినా ఎందుకు లొంగలేదు? ఇవి పన్నెండేళ్ల వాడు అడగాల్సిన ప్రశ్నలే. షాపుకి వచ్చే వ్యవసాయ మాసపత్రికలు ఇంటికి తెమ్మని మీవారితో అనండి. జన విజ్ఞాన వేదిక వాళ్ల 'చెకుముకి' పిల్లల కోసమే తెలుగులో వచ్చే సైన్సు పత్రిక. అది తెప్పించండి. అరవింద్ గుప్తా గారి సైన్సు బొమ్మల పుస్తకాలు తెలుగులో ఉన్నాయి. చదివితే చేతులతో చేసే పని దొరుకుతుంది. కథే పుస్తకం, మిగతాది కాదు అన్న గీత మీ మనసులోంచి చెరిపేయండి. పురుగుల గురించి చదివేవాడూ చదువరే.

వాణ్ని లైబ్రరీకి తీసుకెళ్లండి. మీరు కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నారు, ఆ లైబ్రరీ మీ హక్కు. అక్కడ పోటీ పరీక్షల అబ్బాయిలతో కుర్చీలు నిండిపోయి ఉండొచ్చు, పిల్లల బీరువాకి తాళం ఉండొచ్చు. తాళం తీయమని మర్యాదగా, గట్టిగా అడగండి. మీ చేయి పుస్తకం మీద పెట్టకుండా వాణ్ని ఎంచుకోనివ్వండి. మీకు నచ్చని కామిక్స్ తీసుకున్నా సరే.

మీవారు తప్పుగా ఏమీ అనడం లేదు, ఒక్క విషయం తప్ప. క్లాసు పుస్తకం చాలదు. 2009లో పిసా అనే అంతర్జాతీయ పరీక్షల ఫలితాలు చూస్తే, ఇష్టంగా చదివే అలవాటున్న పిల్లలు చాలా దేశాల్లో మెరుగ్గా చదివి అర్థం చేసుకున్నారని తేలింది. ఇష్టం వల్ల చదువు మెరుగైందా, చదువు బాగా వచ్చినవాళ్లకే ఇష్టం పుట్టిందా అన్నది తేల్చడం తేలిక కాదు. రెండూ ఒకదాన్నొకటి పెంచుతాయని నా నమ్మకం. కానీ ఈ మాట అబ్బాయి దగ్గర ఎత్తకండి. "చదివితే మార్కులొస్తాయి" అంటే మళ్లీ నోట్‌బుక్ దగ్గరికే వస్తాం. మీవారు మాత్రం ఒక మేలు చేస్తున్నారు. వాడు చదువుతుంటే పక్కన నిలబడి పరీక్ష పెట్టడం లేదు. వాడు షాపులో గడగడా చదవడానికి అదీ ఒక కారణమని నాకనిపిస్తోంది.

మూడు నాలుగు నెలలు ఏ ఫలితమూ కనబడకపోవచ్చు. నోట్‌బుక్ మీద కోపం అంత తొందరగా పోదు. ఆ మధ్యకాలంలో "ఏం చదివావు?" అని అడగకుండా ఉండటం మీకు కష్టమే. అడగాలనిపిస్తే మీరు చదువుతున్న దాని గురించి మీరు చెప్పండి.

ఒక్క జాగ్రత్త. షాపులో చదవగలుగుతున్నాడు గనక పెద్ద ఇబ్బంది ఉంటుందనుకోను. అయినా అక్షరాలు తారుమారు చేయడం, వరస తప్పి వేరే లైనులోకి పోవడం, చదివాక తలనొప్పి అనడం గమనిస్తే ఆలస్యం చేయకండి. ముందు కంటి డాక్టరుకి చూపించండి. కళ్లు బాగానే ఉన్నాయంటే పిల్లల డాక్టరుని అడిగి డిస్లెక్సియా (చదవడంలో వచ్చే ఇబ్బంది) పరీక్ష చేయించండి. దగ్గర్లో ఉన్న సెలవు రోజున ఆ పని పెట్టుకుంటే స్కూలు పోదు, వాడికీ హడావుడి ఉండదు.