ఏజెంట్ చేతికి కత్తెర ఇచ్చే ముందు

"10 నుంచి 20 వరకు కట్ చెయ్" అని ఎడిటింగ్ గదిలో అసిస్టెంటుకు చెబితే, అతను స్క్రీన్ వైపు ఓసారి చూసి మన మనసులో ఏముందో పట్టేస్తాడు. ఏఐ ఏజెంటుకు ఆ వీలు తక్కువ. టూల్ పేరు, దాని వివరణ, దానికి ఇవ్వాల్సిన విలువల పట్టిక... దాని ముందుండేవి ఇవే. వెనకున్న కోడ్ దానికి కనబడదు. ఏజెంట్లను టూల్స్‌తో కలపడానికి 2024 నవంబరులో ఆంత్రోపిక్ తెచ్చిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లోనూ ఏజెంట్ టూల్‌ను ఎంచుకునేది ముఖ్యంగా వీటిని చూసే. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో ప్రోగ్రామ్ మీద నడిచే ఒక కత్తిరింపు టూల్‌ను తీసుకుని, దాని వివరణను మొదటి నుంచీ రాసుకొద్దాం.

ముందు హద్దు గీయాలి. 'ఎడిట్_వీడియో' అని పేరు పెట్టి కత్తిరింపు, అతికింపు, సబ్‌టైటిల్ అన్నీ అందులోనే కుక్కితే ఎంత గొప్ప వివరణా దాన్ని కాపాడలేదు. అలాగని మెనూలో ఉన్న ప్రతి బటన్‌కూ ఒక టూల్ చేయనక్కర్లేదు. వాడేవాళ్లు ఒక్క మాటలో అడిగే పని ఒక టూల్ అనుకుంటే చాలు. మనది 'ట్రిమ్_క్లిప్'.

ఇక మొదటి వాక్యం. "వీడియోను కత్తిరిస్తుంది" అని రాయడం దండగ, ఆ మాట పేరే చెప్పేసింది. ఇలా రాయండి: "ఇచ్చిన రెండు సమయాల మధ్య భాగాన్ని మాత్రమే ఉంచి, కొత్త ఫైలుగా సేవ్ చేస్తుంది, అసలు ఫైలును మార్చదు." ఏది మిగులుతుంది, ఏది పోతుంది, అసలు ఫైలు సంగతేమిటి అన్నవి ఇక్కడే తేలిపోవాలి.

ఎక్కువ తప్పులు దొర్లేది విలువల దగ్గర. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో '-టి' అంటే నిడివి, '-టూ' అంటే ముగింపు స్థానం. 10వ సెకను దగ్గర మొదలుపెట్టి 20 ఇస్తే, మొదటిదాంతో 20 సెకన్ల క్లిప్, రెండోదాన్ని ఇన్‌పుట్‌కు ముందు పెడితే 10 సెకన్ల క్లిప్ వస్తాయి. టూల్‌లో విలువ పేరు ఉత్త 'ఎండ్' అయితే ఏజెంట్ ఊహించుకోవాల్సిందే. 'ఎండ్_సెకండ్స్' అని యూనిట్‌ను పేరులోనే పెట్టి, "వీడియో మొదలు నుంచి లెక్క, నిడివి కాదు" అని పక్కన రాయండి. ఫ్రేముల సంఖ్య అడగకండి. 300వ ఫ్రేము 24 ఎఫ్‌పీఎస్ వీడియోలో 12.5 సెకన్ల దగ్గర, 29.97లో దాదాపు 10 సెకన్ల దగ్గర పడుతుంది. టైమ్‌కోడ్ అడిగినా చిక్కే: ఎస్‌ఆర్‌టీ ఫైల్లో మిల్లీసెకన్ల ముందు కామా, వెబ్‌వీటీటీలో చుక్క. దశాంశ సంఖ్య అడిగి, ఒక ఉదాహరణ ఇవ్వండి: 1 నిమిషం 5.5 సెకన్లకు 65.5.

తర్వాత, వాడేవాళ్లకు తేడా తెలిసే ఏ ఎంపికనూ దాచకూడదు. మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా కత్తిరిస్తే పని చిటికెలో అవుతుంది, కానీ కట్ సరిగ్గా అడిగిన చోట కాక దగ్గరలోని కీఫ్రేమ్ దగ్గర పడవచ్చు. దీన్ని 'ఫాస్ట్', 'ఎగ్జాక్ట్' అని రెండు ఎంపికలుగా పెట్టి వదిలేయకుండా, "మాట మధ్యలో తెగకూడదంటే ఎగ్జాక్ట్, నిదానంగా అవుతుంది" అని ఎప్పుడు ఏది వాడాలో చెప్పండి. ఎప్పుడు వాడకూడదో కూడా చెప్పాలి: "మధ్యలో ముక్క తీసేయాలంటే ఇది కాదు, రిమూవ్_సెగ్మెంట్ వాడండి." పక్కపక్కనే ఉండే టూల్స్‌ను విడదీయడంలో ఈ ఒక్క వాక్యం పేరాడు వర్ణన కన్నా నయం.

జవాబు ఏమొస్తుందో చాలామంది రాయరు. రెండర్‌కు నిమిషాలు పడతాయి కాబట్టి టూల్ వెంటనే జాబ్ ఐడీ మాత్రమే ఇస్తుందనుకుందాం. ఆ సంగతి రాయకపోతే వీడియో రాలేదనుకుని ఏజెంట్ మళ్లీ పిలవవచ్చు, ఒకే క్లిప్ రెండుసార్లు రెండర్ కావచ్చు. "పని మొదలైందని మాత్రమే అర్థం, పూర్తయిందో లేదో జాబ్_స్టేటస్‌తో చూడండి" అనండి. ఎర్రర్ సందేశమూ వివరణలో భాగమే. "చెల్లని విలువ" అంటే దారి దొరకదు; "ముగింపు 95, వీడియో నిడివి 80 సెకన్లే" అంటే ఏజెంట్ తనే దిద్దుకోగలదు.

మన భాషలో సబ్‌టైటిల్ వేసే టూల్ అయితే మరో మాట చేర్చాలి. ఫాంటులో తెలుగు అక్షరాలు లేకపోతే డబ్బాలు వస్తాయి, అక్షరాలను కూర్చే షేపింగ్ ఇంజిన్ లేకపోతే వత్తులు విడిపోతాయి. "తెలుగుకు నోటో సాన్స్ తెలుగు ఇవ్వండి" అని వివరణలో ఉంటే ఏజెంట్ ఏదో ఒక ఫాంటు ఎంచుకుని ఊరుకోదు.

చివరగా పరీక్ష. "మొదటి అరనిమిషం వద్దు", "పాట మొదలయ్యే దాకా తీసెయ్" లాంటి మామూలు మాటలు ఇచ్చి, ఏజెంట్ ఏ టూల్‌ను ఏ విలువలతో పిలిచిందో లాగ్‌లో చూడండి. తడబడిన చోట ముందు వివరణ మార్చండి, ఆ తర్వాతే మోడల్‌ను తిట్టండి. టూల్ వివరణలన్నీ సాధారణంగా సంభాషణలో కూర్చుని టోకెన్లు తింటాయి కనుక, తికమక లేని టూల్‌కు రెండు వాక్యాలకు మించి రాయకండి. కోడ్ మారిన రోజే వివరణ కూడా మార్చండి. పాతబడ్డా సరే, ఏజెంట్ నమ్మేది దాన్నే.