రాళ్లు చదివినోనికి ఒక జాబు

గుడిమల్కాపూర్

బిడ్డా,

ఒక నాయకుడు నిన్ను సలహాదారుగ రమ్మన్నడని మీ నాయన ఫోన్ల చెప్పిండు. కాలేజీల జియాలజీ పాఠాలు చెప్పుకునేటోనికి కారు, బంట్రోతు ఇస్తమంటే మనసు గుంజుడు సహజమే. మీ అమ్మ అప్పుడే చుట్టాలందరికీ చెప్పేసిందట.

ఇయ్యాల తెల్లారకముందే పూలమార్కెట్ దిక్కు పోయిన. ఒకాయన నిన్నటి బంతిపూలు గంప అడుగున పోసి, మీద తాజావి పేర్చి నీళ్లు చల్లుతున్నడు. కొనేటోడు పైవరుసే చూస్తడు గద. నువ్వు యాదికొచ్చినవ్.

ఇటలీల అలెస్సాండ్రో మార్తెల్లి అని నీ చదువే చదివిన ప్రొఫెసర్ ఉండె. 1928ల ముసోలినీ ఆయనను ఆర్థిక మంత్రిని చేసిండు. మూడేండ్లకు ఆ దేశం ప్రొఫెసర్లంతా ఫాసిస్టు ప్రభుత్వానికి విధేయులమని ప్రమాణం చెయ్యాలన్నరు. పన్నెండు వందల మందికి పైన ఉంటే, చెయ్యనన్నోళ్లు డజను మంది.

అంత దూరమెందుకు, మన మీర్ లాయఖ్ అలీని చూడు. ఇంజినీరు, మిల్లులు నడిపిన పనిమంతుడు. 1947 చివరల నిజాం ఆయనను ప్రధానమంత్రిని చేసిండు. ఆయన కత్తి పట్టిండని నేననను. కని 1948 ఆగస్టు 22న కాచిగూడల పత్రికాయన షోయబుల్లాఖాన్‌ను చంపిరి. ఐదు రోజులకు బైరాన్‌పల్లిల నిజాం పక్షపు రజాకార్లు జనాన్ని కాల్చి చంపిరి. లాయఖ్ అలీ కుర్చీలనే ఉండె. సెప్టెంబర్ 17న రాజీనామా ఇచ్చిండు. అప్పటికే భారత సైన్యం పట్నం అంచుకొచ్చింది. గప్పుడిచ్చిన రాజీనామాను నేనైతే లెక్కల పట్ట. 1950 మార్చిల గృహనిర్బంధం నుంచి తప్పించుకొని పాకిస్తాన్ చేరిండు, బురఖా వేసుకొని పోయిండని ఇప్పటికీ చెప్పుకుంటరు. తర్వాత తన పక్షం చెప్పుకుంట ఒక పుస్తకం రాసిండు.

అట్లని కొలువే తప్పని కాదు. మా పక్కన మెహదీపట్నం ఎవరి పేరు మీద ఉన్నదో ఆ మెహదీ నవాజ్ జంగ్ గూడ నిజాం దగ్గర పనిచేసినాయనే. 1960ల గుజరాత్‌కు మొదటి గవర్నర్ అయిండు.

నిన్ను పిలిచినాయన బామ్మర్దికి కంకర క్వారీ ఉన్నదంటివి. పోయి సూటిగ అడుగు: "ఆ క్వారీ పేలుళ్లతోని ఊరి బోర్లు ఎండుతున్నయని నేను రిపోర్టు రాస్తే, మీరు సంతకం పెడ్తరా?" నోటితో చెప్పేది పక్కన పెట్టు, మొహం చూడు. నవ్వి భుజం తడితే నిన్ను పైవరుస పూలకే పిలిచినట్టు. కోపమొచ్చి వాదిస్తే, ఇంకోసారి మాట్లాడొచ్చు.

జీతం సంగతి నన్ను అడగకు, మీ పెద్దమ్మను అడుగు. ఆమెకు ఇంటి ఖర్చు తెలుసు.

ఆదివారం ఇంటికి రా, కూసొని మాట్లాడుదం. అప్పటిదాక కాలేజీకి రాజీనామా మాత్రం రాయకు.

మీ పెదనాయన