పోటీ పరీక్షల ప్రత్యేకం: దక్షిణ స్కాట్లాండ్ స్థానిక సంఘాలు, సంస్థలు

లెడ్‌హిల్స్ పఠన సంఘం (1741): సీసం గని కార్మికులు స్థాపించారు. బ్రిటన్‌లో తొలి చందా గ్రంథాలయంగా పేరు. కవి అలన్ రామ్సే పుట్టింది ఈ ఊళ్లోనే.

వాన్‌లాక్‌హెడ్ గని కార్మికుల గ్రంథాలయం (1756): స్కాట్లాండ్‌లో అత్యంత ఎత్తయిన గ్రామంలో ఉంది.

ఫెన్విక్ నేతకార్మికుల సంఘం (1761 మార్చి 14): ఐర్‌షైర్. 1769లో ఓట్స్ పిండిని టోకున కొని సభ్యులకు అమ్మింది. తొలి వినియోగదారుల సహకార సంఘాల్లో ఒకటి.

టార్బోల్టన్ బ్యాచిలర్స్ క్లబ్ (1780): ఐర్‌షైర్‌లోని చర్చా వేదిక. వ్యవస్థాపకుల్లో కవి రాబర్ట్ బర్న్స్ ఒకరు.

రూత్‌వెల్ పొదుపు బ్యాంకు (1810): డంఫ్రీస్‌షైర్. స్థాపకుడు చర్చి బోధకుడు హెన్రీ డంకన్.

న్యూ లానార్క్ (1786): క్లైడ్ నది ఒడ్డున డేవిడ్ డేల్ స్థాపించిన నూలు మిల్లుల గ్రామం. 1800 నుంచి నిర్వహణ రాబర్ట్ ఓవెన్‌ది. 1816లో ఇక్కడ శీలనిర్మాణ సంస్థ ప్రారంభం. 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా.

తికమక వద్దు: ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్ సహకార సంఘం 1844 నాటిది, ఫెన్విక్ దానికన్నా 83 ఏళ్లు ముందుది.

అడిగే అవకాశం: కాలక్రమంలో అమర్చడం (1741, 1756, 1761, 1780, 1786, 1810), సంస్థ–స్థాపకుడు జతపరచడం. ఓవెన్, డంకన్ పేర్లను తప్పక గుర్తుంచుకోండి.