అంకె మార్చే ముందు

రెడింగ్

చి. అల్లుడికి,

వ్యాను కొని ట్యాంకు, పంపు, కంట్రోలరు బిగించుకున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. పని మధ్యలో నీళ్ళు ఆగిపోతున్నాయనీ, కంట్రోలరు పాడైందని కొత్తది కొంటానంటున్నావనీ కూడా చెప్పింది. తొందరపడకు. ఇంగ్లండులో ఇన్నాళ్ళుగా కిటికీలు కడిగి బతికినవాణ్ణి గనక చెబుతున్నా, అలా ఆగిపోయే కంట్రోలరు చాలాసార్లు నిక్షేపంగా ఉంటుంది. తిరకాసంతా దాని చుట్టుపక్కల ఉంటుంది.

ముందు అది ఏం చేస్తోందో తెలుసుకో. నీ వ్యానులో ఉన్నది 12 వోల్టుల డయాఫ్రం పంపు. దాని తల దగ్గరుండే ప్రెషర్ స్విచ్చి మామూలుగా 100 పీఎస్ఐ, అంటే దాదాపు 7 బార్ల ఒత్తిడి రాగానే మోటారుకు కరెంటు కోసేస్తుంది. కంట్రోలరు లేకపోతే పంపు ఎప్పుడూ పూర్తి వేగంతోనే తిరుగుతుంది. కుళాయి కట్టేస్తే స్విచ్చి ఆపుతుంది, ఒత్తిడి కాస్త దిగగానే మళ్ళీ వేస్తుంది. అలా టకటకా కొట్టుకుని కాంటాక్టులు మాడిపోతాయి. కంట్రోలరు మోటారుకు వెళ్ళే కరెంటును సెకనుకు ఎన్నోసార్లు తెంపుతూ కలుపుతూ వేగం తగ్గిస్తుంది. దాంతోపాటు మోటారు ఎంత కరెంటు లాగుతోందో కనిపెట్టి ఉంటుంది. బ్రష్షు తగిలించి నీళ్ళు పంపే పొడవాటి కర్ర, అంటే పోలు దగ్గర నువ్వు కుళాయి కట్టగానే పైపులో ఒత్తిడి పెరిగి, మోటారు మీద భారం పడి, కరెంటు పెరుగుతుంది. దాన్ని బట్టి దారి మూసుకుందని గ్రహించి పంపును ఆపుతుంది. ఇక్కడ అందరూ డెడ్ ఎండ్ అనేది దీన్నే. కాసేపాగి మళ్ళీ తనే ఓసారి తిప్పి చూసుకుంటుంది.

అసలు సంగతేమిటంటే దానికి నీళ్ళు కనబడవు, కరెంటే కనబడుతుంది. నువ్వు కుళాయి కట్టినా, బ్రష్షు జెట్టులో నలక ఇరికినా, పైపు టైరు కింద నలిగినా దానికి అన్నీ ఒకటే. అందుకే ఎంత కరెంటుకు ఆగాలో కంట్రోలరుకు చెప్పే క్యాలిబ్రేషన్ అంకె మార్చడానికి ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

మొదట బ్యాటరీ. నిండుగా ఛార్జి అయి, కాసేపు ఊరికే ఉంచిన లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.7 వోల్టుల దరిదాపుల్లో చూపాలి. 12.2కి వచ్చిందంటే సగం ఖాళీ అయినట్టే, అంతకంటే దింపుతూ పోతే దాని ఆయుష్షు తరుగుతుంది. పంపు 5 ఆంపియర్లు లాగుతుందనుకో, 6 గంటల పనికి 30 ఆంపియర్ అవర్లు పోతాయి. 110 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి అది లెక్కలోది కాదు, కానీ తీసింది మళ్ళీ నింపాలిగా? ఇంటికీ ఇంటికీ మధ్య రెండు మైళ్ళు నడిపితే వ్యాను ఇంజను అంతా నింపలేదు. రాత్రి ఇంటి కరెంటు మీద ఛార్జరు పెట్టు. ఆ సమయంలో వ్యానులోకి గాలి ఆడాలి. ఛార్జయ్యేటప్పుడు వెలువడే హైడ్రోజన్‌తో చెలగాటం వద్దు.

తర్వాత వైరింగు. ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా ఉండాలి, స్విచ్చి బ్యాటరీకీ కంట్రోలరుకీ మధ్యనే ఉండాలి. కంట్రోలరుకీ పంపుకీ మధ్య ఏదీ పెట్టకు. సన్నటి వైరు, వదులు క్లిప్పు ఉంటే పంపు తిరిగేటప్పుడు వోల్టేజి పడిపోతుంది. అప్పుడు బ్యాటరీ నిండుగా ఉన్నా కంట్రోలరు తెర మీద ‘లో బ్యాటరీ’ అని చూపుతుంది. మీటరు పెట్టి బ్యాటరీ దగ్గరా కంట్రోలరు దగ్గరా, రెండు చోట్లా పంపు నడుస్తుండగా కొలువు. తేడా ఎక్కువుంటే తప్పు వైరుదే.

ఆ తర్వాత నీటి దారి. పంపుకు ముందున్న జాలీ విప్పి కడుగు. అక్కడ జాయింటు వదులైతే, ఊళ్ళో మన పొలం మోటారుకు ఫుట్ వాల్వు కారినప్పటిలా, గాలి పట్టి నీళ్ళు దగ్గుతూ వస్తాయి. పంపు తర్వాత నీళ్ళను శుద్ధి చేసే రెసిన్ సీసా, పైపు మడతలు, జెట్లు వరసగా చూసుకో.

ఇవన్నీ బాగుంటేనే క్యాలిబ్రేషన్ జోలికి వెళ్ళు. రోజూ వాడే పైపు, పోలు, బ్రష్షు తగిలించు. నీళ్ళు రోజూ వాడే వేగంలో పెట్టు. బ్రష్షు నేల మీద ఉంచి సరిచూడకు. మామూలుగా ఎంత ఎత్తుకు కడుగుతావో అంత పైకి ఎత్తు. ప్రతి 10 మీటర్ల ఎత్తుకూ దాదాపు 1 బారు ఒత్తిడి అదనంగా పడుతుంది. కింద సరిపోయిన అంకె మూడో అంతస్తు దగ్గర దారి మూసుకుందని పొరబడేది అందుకే. చాలా రకాల్లో అంకె పెరిగేకొద్దీ కంట్రోలరు మొద్దుబారుతుంది, తగ్గేకొద్దీ చురుకవుతుంది. నీ దాంట్లో ఎలాగో దానితో వచ్చిన పుస్తకంలో చూసుకో. నీళ్ళు పారుతుండగానే ఆగిపోతుంటే కాస్త మొద్దు చెయ్యి. కుళాయి కట్టినా పంపు మూలుగుతూనే ఉంటే, లేదా కంట్రోలరు కంటే ముందే ప్రెషర్ స్విచ్చి కొట్టేస్తుంటే కాస్త చురుకు చెయ్యి. ఒకసారి ఒక్కటే మార్చు. మార్చాక నాలుగైదుసార్లు కుళాయి కట్టి తీసి చూడు. పంపు మీదున్న ప్రెషర్ స్విచ్చి స్క్రూ మాత్రం ముట్టుకోకు.

ఒక అంకె ఏడాదంతా పనికొస్తుందనుకోకు. జనవరి చలికి పైపు బిగుసుకుంటుంది, ఎండాకాలంలో మెత్తబడుతుంది. 6 మిల్లీమీటర్ల పైపు తీసి 8 వేసినా, కొత్త పంపు పెట్టినా మళ్ళీ సరిచూసుకోవాల్సిందే. గడ్డకట్టే రాత్రుల్లో పంపులో, సీసాలో నీళ్ళు నిలవ ఉంచితే పగులుతాయి.

వేగం గురించి ఒక మాట. కొత్తగా వచ్చినవాళ్ళు నీళ్ళు ఎక్కువ వదిలితే కిటికీ బాగా శుభ్రపడుతుందనుకుంటారు. మురికిని వదిలించేది బ్రష్షు, నీళ్ళు దాన్ని కిందికి కడిగేస్తాయంతే. నిమిషానికి లీటరున్నర చాలు. 650 లీటర్ల ట్యాంకు ఆ లెక్కన 7 గంటలు వస్తుంది, 3 లీటర్లు వదిలితే మధ్యాహ్నానికి ఖాళీ. పైగా మన థేమ్స్ లోయ నీళ్ళు సున్నపు నీళ్ళు. నీళ్ళలో కరిగిన లవణాల కొలత, అంటే టీడీఎస్, సున్నాకు తేవడానికి రెసిన్ ఎంత తొందరగా అరిగిపోతుందో బిల్లు చూసినప్పుడు తెలుస్తుంది. ఎక్కువ నీళ్ళంటే ఎక్కువ రెసిన్, ఎక్కువ కరెంటు, ఎక్కువ బరువు. లీటరు నీళ్ళు కిలో అని, నిండు ట్యాంకుతో బ్రేకు వేసేటప్పుడు మరిచిపోకు.

ఇక్కడ 2005లో వచ్చిన ఎత్తు పనుల నిబంధనలు, నేల మీద నిలబడి చేయగలిగిన పనికి పైకి ఎక్కవద్దంటాయి. పోలుతో కడిగే పద్ధతికి అవి గట్టి ఊతమిచ్చాయి. పైపులో నీళ్ళు రావట్లేదని విసుగొచ్చి నిచ్చెన ఎక్కిన రోజు నువ్వు ఈ సరంజామా కొన్న ప్రయోజనమే పోతుంది. మీ అమ్మకు ఆ భయం లేకుండా చూడు.

వ్యాను తలుపు లోపల ఒక కాగితం అంటించు. నెల, పైపు పొడవు, క్యాలిబ్రేషన్ అంకె, నీళ్ళ వేగం రాసుకో. నాకు ఫోను చేసేటప్పుడు ఆగిపోయిందని మాత్రమే చెప్పకు. వోల్టులెంత, అంకె ఎంత, ఎంత ఎత్తులో ఆగింది, తెర మీద ఏం పడింది, ఈ నాలుగూ చెప్పు. అవి నువ్వు వరసగా రాసుకుంటూ పోతే చాలాసార్లు నాకు ఫోను చేసే పనే పడదు. అయినా చెయ్యి, పని సంగతులు కాక వేరేవి మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ మామయ్య