చేతికందే జీతం

అమెరికాలోని జాతీయ బాస్కెట్‌బాల్ సంఘమైన ఎన్.బి.ఏ.లో ఆటగాడికీ జట్టుకూ మధ్య ఒప్పందం కొన్నేళ్ళ గడువుతో కుదురుతుంది. గడువు తీరిన అనుభవజ్ఞుడైన ఆటగాడు తనను కోరిన ఏ జట్టుతోనైనా కొత్త ఒప్పందం చేసుకోవచ్చు. ఈ స్వేచ్ఛనే 'ఫ్రీ ఏజెన్సీ' అంటారు. మన ఐ.పి.ఎల్. వేలంలో జట్లు ఆటగాణ్ణి ఎంచుకుంటాయి. అక్కడ పేరుపొందిన ఆటగాడు తానే జట్టును ఎంచుకుంటాడు. ఆ ఎంపికలో ఆట ఎంతో, లెక్కలూ అంతే. 2013లో డ్వైట్ హోవర్డ్ తీసుకున్న నిర్ణయం ఇందుకు చక్కని ఉదాహరణ.

హోవర్డ్ అప్పటికి 27 ఏళ్ళవాడు. 2009 నుండి వరుసగా మూడుసార్లు ఉత్తమ రక్షణ ఆటగాడిగా ఎంపికైనవాడు. లాస్ ఏంజెలిస్ లేకర్స్ జట్టులో ఒక్క సీజను ఆడాక అతని ఒప్పందం ముగిసింది. అతణ్ణి వదులుకోవడం ఇష్టంలేని లేకర్స్ యాజమాన్యం 'ఉండిపో' అని కోరుతూ నగరంలో పెద్ద ప్రకటన ఫలకాలను పెట్టించింది. సంఘం నియమాలు కూడా ఆ జట్టుకే అనుకూలంగా ఉన్నాయి. సొంత జట్టు అయిదేళ్ళ ఒప్పందం ఇవ్వవచ్చు, బయటి జట్టు నాలుగేళ్ళకు మించి ఇవ్వరాదు. ఏటేటా జీతం పెంచే శాతంలోనూ సొంత జట్టుదే పైచేయి. ఆ ప్రకారం లేకర్స్ ఇవ్వగలిగినది సుమారు 11.8 కోట్ల డాలర్లు, టెక్సాస్‌లోని హ్యూస్టన్ రాకెట్స్ ఇవ్వగలిగినది సుమారు 8.8 కోట్ల డాలర్లు. హోవర్డ్ హ్యూస్టన్‌కు వెళ్ళాడు.

మూడు కోట్ల డాలర్లు కాలదన్నుకున్నాడని చాలామంది ఆశ్చర్యపోయారు. అయితే ఆ తేడాలో అధికభాగం అయిదో ఏటి జీతమే. మొదటి ఏడాది జీతం రెండుచోట్లా ఒక్కటే, దాదాపు 2.05 కోట్లు. మొదటి నాలుగేళ్ళు మాత్రమే పోల్చి చూస్తే లేకర్స్ ఇచ్చేది సుమారు 37 లక్షలే ఎక్కువ. ఆ నాలుగేళ్ళూ గాయాలు లేకుండా గడిస్తే అయిదో ఏటి సొమ్మును మరో కొత్త ఒప్పందంలో రాబట్టుకోవచ్చు. గడవకపోతే మాత్రం నష్టం ఆటగాడిదే.

ఇక పన్నుల సంగతి. అమెరికాలో కేంద్ర ప్రభుత్వపు ఆదాయపు పన్ను ఎక్కడున్నా తప్పదు. దానికి తోడు చాలా రాష్ట్రాలు వేరుగా తమ పన్ను వసూలు చేస్తాయి. కాలిఫోర్నియాలో అత్యధిక రేటు 13.3 శాతం. టెక్సాస్, ఫ్లోరిడాలలో వ్యక్తుల జీతంపై రాష్ట్ర పన్నే లేదు. అలాగని టెక్సాస్ ఆటగాడు పూర్తిగా తప్పించుకోలేడు. ఏ రాష్ట్రానికి వెళ్ళి ఆడితే ఆ రోజుల సంపాదనపై అక్కడ పన్ను కట్టాలి. ఈ పద్ధతి విస్తరించడం వెనుక ఒక తమాషా కథ ఉంది. 1991 ఫైనల్స్‌లో మైకేల్ జోర్డాన్ ఆడిన షికాగో బుల్స్ లేకర్స్‌ను ఓడించింది. తరువాత కాలిఫోర్నియా ఆ షికాగో ఆటగాళ్ళ నుండి పన్ను వసూలు చేసింది. షికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రం ఊరుకోలేదు. తమ ఆటగాళ్ళపై పన్ను వేసే రాష్ట్రాల ఆటగాళ్ళపై తామూ పన్ను వేస్తామని చట్టం చేసింది. దానికి 'జోర్డాన్ ప్రతీకారం' అనే పేరు నిలిచిపోయింది!

సీజనులోని 82 ఆటలలో 41 సొంత మైదానంలో జరుగుతాయి. కనుక లేకర్స్ ఆటగాడి జీతంలో సగమైనా కాలిఫోర్నియా పన్నుకు లోబడుతుంది. నాలుగేళ్ళలో ఆ పన్ను సుమారు 60 లక్షల డాలర్లు. హ్యూస్టన్ ఆటగాడు కాలిఫోర్నియాలో ఆడే కొద్ది ఆటల పన్నును మినహాయించి చూసినా, పైన చెప్పిన 37 లక్షల ఆధిక్యం కరిగిపోతుంది.

ఈ లెక్కలను ఆటగాడి ముందుంచవలసినవాడు ఏజెంటు. అప్పట్లో హోవర్డ్‌కు డాన్ ఫేగన్ ఏజెంటు. అగ్రశ్రేణి ఆటగాడి గరిష్ఠ జీతాన్ని నియమాలే నిర్ణయిస్తాయి కనుక జీతం కోసం బేరమాడవలసిన పని ఏజెంటుకు అంతగా ఉండదు. ఒప్పందం ఎన్నేళ్ళు, మధ్యలో తప్పుకొనే వీలు ఎవరికి అన్న షరతులలోనే అతని నేర్పు కనబడుతుంది. హ్యూస్టన్ ఒప్పందంలో నాలుగో ఏడు ఉండాలో మానాలో తేల్చుకొనే హక్కు హోవర్డ్‌దే. ఇక్కడ గమనించదగిన చిక్కు ఒకటుంది. ఏజెంటు కమీషన్ నాలుగు శాతానికి మించరాదు గాని, దానిని పన్ను పోగా మిగిలిన సొమ్ముపై కాక మొత్తం జీతంపై లెక్కిస్తారు. నాలుగు శాతం చొప్పున లేకర్స్ ఒప్పందంపై 47 లక్షలు, హ్యూస్టన్ ఒప్పందంపై 35 లక్షలు వస్తాయి. పన్ను ఎక్కువైన చోట ఆటగాడు నష్టపోయినా ఏజెంటుకు నష్టం లేదు. పైగా 2018 నుండి కమీషన్‌ను కేంద్ర పన్ను లెక్కలో ఖర్చుగా చూపే వీలు కూడా ఆటగాళ్ళకు పోయింది.

లేకర్స్‌లో తనను ఉపయోగించుకున్న తీరు హోవర్డ్‌కు నచ్చలేదన్నది కూడా అందరికీ తెలిసినదే. 2015లో హ్యూస్టన్ జట్టు పశ్చిమ విభాగపు ఫైనల్ దాకా వెళ్ళింది. మరుసటి ఏడు హోవర్డ్ తన హక్కును వినియోగించుకొని, దాదాపు 2.3 కోట్ల నాలుగో ఏటి జీతాన్ని విడిచి బయటికి వచ్చాడు. మూడేళ్ళకు సుమారు 7 కోట్ల డాలర్లకు అట్లాంటాతో ఒప్పందం చేసుకున్నాడు. అట్లాంటా ఉన్న జార్జియాలో రాష్ట్ర ఆదాయపు పన్ను ఉంది. అయితేనేం, అది అతడు పుట్టిన ఊరు.