ఎదురు కూర్చునే తాత

మెదక్‌లో రిటైరైన మనిషికి చదరంగం బల్ల కొనుక్కోవడం తేలికే, ఎదురుగా కూర్చునే మనిషిని సంపాదించడమే కష్టం. తోటివాళ్ళలో కొందరు కొడుకుల దగ్గరికి హైదరాబాద్ వెళ్ళిపోయారు. కొందరు ఫోన్‌లోనే ఆడేసుకుంటున్నారు. ఏనుగు ఎటు నడుస్తుందో ఇంకా గుర్తున్నా, కూర్చునే ఓపిక పోయినవాళ్ళు కొందరు. ఇక నాలాంటివాళ్ళకు మిగిలింది మీ పిల్లలు. సాయంత్రం బడి నుంచి వచ్చి, ఏదో ఒకటి నములుతూ మా అరుగు ఎక్కే ఎనిమిదేళ్ళవాళ్ళు, పదేళ్ళవాళ్ళు. వాళ్ళ చేతుల్లో తరచుగా ఓడిపోతుంటాను. ఆ చనువుతోనే వాళ్ళ అమ్మానాన్నలతో ఈ నాలుగు మాటలు.

ఇంతకీ ఈయనెవరు చెప్పడానికి అంటారేమో, నా ఆట గురించి ముందే చెప్పేస్తాను. నేను కోచ్‌ని కాను, పేరు ముందు టైటిల్ ఏదీ లేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూసేశాక మిగిలిన కాస్త సమయంలో ఆడినవాణ్ణి. ఓపెనింగులు రెండు వచ్చు, అందులో ఒకటి సగంలో మరిచిపోతాను. గుర్రంతో ఒకే ఎత్తులో అటు రాజునూ ఇటు మంత్రినీ పట్టగలిగిన రోజు రాత్రి అన్నం ఇంకాస్త రుచిగా ఉంటుంది. పట్టలేకపోయిన రోజూ తింటాను. ఇదే నా చదరంగం. దీన్ని ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే నాకేమీ కోపం రాదు.

ఈ కుర్చీలోంచి చూస్తే మాత్రం మీకు కనబడనిది ఒకటి కనబడుతుంది. మంచి పావు పోయినప్పుడు పిల్లలు బల్లవైపు చూడరు, గుమ్మంవైపు చూస్తారు. అక్కడ తండ్రో తల్లో నిలబడి ఉన్నారేమోనని. లేరని తేలాక మళ్ళీ బల్లవైపు తిరిగి, అప్పుడు ఆలోచించడం మొదలుపెడతారు. ఉన్నారనుకోండి, ఆ తర్వాతి రెండు మూడు ఎత్తులు ఆట కోసం ఆడరు, గుమ్మం కోసం ఆడతారు. ఆ ఎత్తులు ఎప్పుడూ బాగోవు. పెద్ద టోర్నమెంట్లలో తల్లిదండ్రులను హాల్లోంచి బయటికి పంపడం వెనక సైగలు చేస్తారనే అనుమానం ఒక్కటే లేదు. ఈ చూపుల సంగతి నిర్వాహకులకు బాగా తెలుసు.

మరి ముసలివాడి ఎదుట ఆ పిల్లే వేరేగా ఉంటుంది. "ముట్టుకున్నవ్ తాతా, ఆడాల్సిందే!" అని నా చెయ్యి పట్టుకుంటుంది. పావును ముడితే దాన్నే ఆడాలన్న నియమం నాకు తెలుసు, కానీ అరుగు మీద దాన్ని అమలుచేసేది వాళ్ళే. "మళ్ళ చూస్కో, నీ మంత్రి పోతది" అని ఒకడు జాలిపడి చెబుతాడు. "పోనీ బిడ్డా, దాంతోనేం జేస్తం" అంటాను. వాడికి నవ్వాగదు. మంత్రి పోయాక కూడా ఆట సాగుతుందని, ముసలాయన లేచి వెళ్ళిపోలేదని, అలగలేదని వాడు చూస్తాడు. మరునాడు వాడి మంత్రి పోయినప్పుడు వాడూ అలాగే కూర్చుంటాడు. ఓడిపోవడం ఎలాగో పిల్లలకు మాటలతో నేర్పలేం. దాన్ని సరదాగా చేస్తూ కనబడే మనిషి ఒకరు కావాలి. అందుకే నేను మిమ్మల్ని అడిగేది ఒక్కటే: మీ పిల్లలకు మంచి కోచ్‌ని వెతకండి, వద్దనను. దాంతోపాటు గెలిచినా ఓడినా పట్టించుకోని ఒక ముసలివాణ్ణో ముసలావిడనో కూడా వెతకండి. మీ ఇంట్లోనే ఉంటే ఇంకా మంచిది.

ఈ మాట అనగానే నాకు ఎదురొచ్చే జవాబు కోనేరు హంపి. "ఆమె నాన్న కొలువు వదిలిపెట్టి మరీ నేర్పలేదా సార్?" అంటారు. నేర్పారు. కోనేరు అశోక్ గారు లెక్చరర్ ఉద్యోగం వదిలి కూతురికి శిక్షణ ఇచ్చారు. 2002లో పదిహేనేళ్ళకే ఆమె గ్రాండ్‌మాస్టర్ అయింది. 2019లో ఒకసారి, 2024లో మరోసారి ప్రపంచ రాపిడ్ టైటిల్ గెలిచింది. మన వరంగల్ పిల్లవాడు ఎరిగైసి అర్జున్‌ను చూపించేవాళ్ళూ ఉన్నారు. 2018లో పదిహేనేళ్ళయినా నిండకుండా గ్రాండ్‌మాస్టర్, 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో బంగారు పతకం తెచ్చిన జట్టులో మూడో బల్ల దగ్గర పదకొండు ఆటలకు పది పాయింట్లు, ఆ ఏడాది చివరికి 2800 రేటింగ్. వింటుంటే నాకే ఒళ్ళు పులకరిస్తుంది. కానీ హంపి కథ చెప్పేటప్పుడు అందరూ దాటేసే సంగతి ఒకటుంది. అశోక్ గారు తానే ఆటగాడు. కొలువు మానడం తర్వాతి మాట, ఆ ఇంట్లో బల్ల ముందునుంచే ఉంది. మీ ఇంట్లో బల్ల ఉందా? అంటే, మీరు ఆడతారా? పిల్లను క్లాసులో దింపి, బయట బండి మీద కూర్చుని గంటసేపు ఫోన్ చూసుకునే నాన్నలను ఎరుగుదును. ఆ గంటలో పావులు ఎలా నడుస్తాయో నేర్చుకోవచ్చు. నెలరోజుల్లో మీ పిల్ల మిమ్మల్ని ఓడిస్తుంది. ఆమెకు దానికి మించిన పండగ ఉండదు.

రేటింగ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇళ్ళల్లో రాత్రి అన్నాలు చల్లారిపోతున్నది దీని దగ్గరే. ఆటగాళ్ళ బలాన్ని అంకెల్లో కట్టే ఈ లెక్క ఆర్పాద్ ఎలో అనే ఆయనది. అమెరికాలో భౌతికశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్, తానూ ఆటగాడే. ప్రపంచ చదరంగ సంస్థ ఫిడే దాన్ని 1970లో తీసుకుంది. (ఫిడే పుట్టింది 1924 జులైలో, పారిస్‌లో. మన మెదక్ చర్చిని ప్రతిష్ఠించింది అదే ఏడాది క్రిస్మస్ రోజున. దీనికీ నా సలహాకీ ఏ సంబంధమూ లేదు, ఊరివాణ్ణి గనక చెప్పకుండా ఉండలేకపోయాను.) ఆ లెక్కలో ఒక గుణకం ఉంటుంది. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకు, రేటింగ్ 2300 దాటనంతవరకు, ఆ గుణకం 40. నాలాంటి పాత ఆటగాళ్ళకు మామూలుగా 20. అంటే సమానమైన రేటింగ్ ఉన్నవాడి చేతిలో ఓడితే నాకు పోయేది పది పాయింట్లు, మీవాడికి పోయేది ఇరవై. గెలిస్తే వచ్చేదీ అంతే. పిల్లలు త్వరగా ఎదుగుతారు గనక అంకె కూడా వాళ్ళ వెంట త్వరగా కదలాలని అలా పెట్టారు. కాబట్టి వారాంతంలో వరసగా మూడు ఆటలు ఓడి అరవై పాయింట్లు పోగొట్టుకొచ్చిన పిల్లకు ఏదో అయిపోయిందని కంగారు పడకండి. ఊగడం ఆ అంకె స్వభావం, అలా ఊగేట్టే కట్టారు దాన్ని.

ఇంకొకటి కూడా చూసుకోండి. 2024 మార్చి నుంచి ఫిడే జాబితాలో అడుగు అంకె 1400. అంతకన్నా దిగితే జాబితాలో పేరే ఉండదు. చిన్న పిల్లలు చాలామంది ఆ గీత దగ్గరే తిరుగుతుంటారు, కొన్నాళ్ళు ఉంటారు, కొన్నాళ్ళు పోతారు. "రేటింగ్ పోయింది" అని చుట్టాలందరికీ ఫోన్ చేసి చెప్పాల్సిన పని లేదు.

టోర్నమెంటు రోజు మెదక్ నుంచి పొద్దున్నే చీకటితో బస్సెక్కి, నర్సాపూర్ మీదుగా హైదరాబాద్ చేరి, మొదటి రౌండులో పిల్ల ఓడగానే మొహం మాడ్చుకునేవాళ్ళను చూశాను. మధ్యాహ్నానికే వెనక్కి తీసుకొచ్చేసినవాళ్ళూ ఉన్నారు. చదరంగంలో ఓడితే ఇంటికి పంపరండీ. సాధారణంగా ఆడించేది స్విస్ పద్ధతి. 1895లో జ్యూరిచ్‌లో మొదటిసారి అలా ఆడించారు గనక ఆ పేరు. ఓడినవాళ్ళు ఓడినవాళ్ళతో, గెలిచినవాళ్ళు గెలిచినవాళ్ళతో, ఇలా సమానమైన పాయింట్లున్నవాళ్ళను కలుపుతూ అన్ని రౌండ్లూ అందరిచేతా ఆడిస్తారు. మొదటి రౌండులో మాత్రం జాబితాలో పై సగాన్ని కింది సగంతో కలుపుతారు. కాబట్టి కొత్తగా వచ్చిన పిల్లకు మొదటి ఆటలో గట్టివాడే తగులుతాడు. ఓడిపోవడమే మామూలు. మూడో రౌండుకో నాలుగో రౌండుకో ఆమెకు సరిజోడు దొరుకుతుంది, అసలు ఆట అక్కడ మొదలవుతుంది. మీరు అప్పటికి బస్టాండులో ఉంటే ఎలా? పెరుగన్నం కట్టుకెళ్ళండి, నీళ్ళ సీసా మర్చిపోకండి, చివరి రౌండు దాకా ఉండండి. బయటికి రాగానే "గెలిచినవా?" అనే ప్రశ్న నోటిదాకా వస్తుంది, తెలుసు. పాయింట్లు గోడ మీద అంటిస్తారు, తర్వాత చదువుకోవచ్చు. "ఆ పిల్లవాడు ఏం చేసిండు, నువ్వేం చేసినవ్" అని అడిగి చూడండి. దారి పొడుగునా చెబుతూనే ఉంటుంది.

ఇళ్ళల్లో వచ్చే తగువు ఒకటి. తాత పాత పద్ధతి నేర్పుతాడు. బంటు మొదట్లో కూడా ఒక్క గడే కదలాలంటాడు. రాజూ ఏనుగూ ఒకే ఎత్తులో కదిలే కాస్లింగ్ ఆయన ఎరగడు, దాని బదులు రాజు ఒక్కసారి గుర్రంలా దూకవచ్చంటాడు. మంత్రిని వజీరంటాడు. క్లాసుకు వెళ్ళే మనవడు "అట్ల కాదు తాతా, తప్పు" అంటాడు. నాన్న వచ్చి, "నాయినా, నువ్వు వాణ్ణి ఖరాబు చెయ్యకు" అంటాడు. ఆ పెద్దాయన బల్ల మడిచేసి టీవీ ముందుకు పోతాడు. ఇది నాకు చాలా బాధ కలిగించే సంగతి. తాత చెప్పింది తప్పు కాదు, ఈ దేశంలో నిన్నమొన్నటి దాకా ఆడిన ఆట అది. మీర్ సుల్తాన్ ఖాన్ అని పంజాబు నుంచి వెళ్ళిన ఒకాయన తండ్రి దగ్గర ఈ దేశీ నియమాలతోనే ఆట నేర్చుకున్నాడు. 1929లో ఇంగ్లండ్ వెళ్ళి, ఆ ఏడాదే బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. తర్వాత 1932లో, 1933లో మళ్ళీ. చనిపోయిన చాలా ఏళ్ళకు, 2024లో, ఫిడే ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది. పాత నియమాలు ఆయన బుర్రనేమీ పాడుచేయలేదు. మీవాడి బుర్రకూ ఏం కాదు. "క్లాసులో క్లాసు పద్ధతి, తాతతో తాత పద్ధతి" అని చెప్పండి, పిల్లలు రెంటినీ సులువుగా పట్టుకుంటారు. అమ్మమ్మతో ఒక మాట, టీచర్‌తో ఒక మాట మాట్లాడటం వాళ్ళకు ఇప్పటికే వచ్చు.

చదరంగం నేర్పితే లెక్కల్లో మార్కులు పెరుగుతాయని చేర్పించేవాళ్ళకు ఒక సమాచారం. ఇంగ్లండ్‌లో వంద బడులను తీసుకుని, వాటిలో సగం బడుల్లో పిల్లలకు ఏడాదిపాటు బడివేళల్లోనే ఆట నేర్పించి, ఆ తర్వాత ఏడాదికి అందరికీ లెక్కల పరీక్ష పెట్టి చూశారు. 2016లో ఫలితం చెప్పారు: తేడా ఏమీ కనబడలేదని. నాకు ఈ వార్త ఎంతో నచ్చింది. ఆటను ఇక ఆట కోసమే నేర్పవచ్చు.

ఫోన్‌లో ఆడటం గురించి కూడా అడుగుతుంటారు. ఆడనివ్వండి, కానీ అక్కడ ఓడిపోయిన మరుక్షణం ఇంకొకడు వచ్చేస్తాడు. ఆ మధ్యలో పావులు మళ్ళీ సర్దుకునే రెండు నిమిషాలు ఉండవు. నా అనుభవంలో పిల్లలు అసలైన కబుర్లు చెప్పేది ఆ రెండు నిమిషాల్లోనే: బడిలో ఎవరు కొట్టారు, ఏడుపాయల జాతరలో ఏం కొనుక్కున్నారు, ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదు. మీకు చెప్పనివి కూడా కొన్ని చెబుతారు. నేను మీకు చెప్పను, అడగకండి.

చివరగా, మానేయడం గురించి. తొమ్మిదో తరగతికో పదో తరగతికో చాలామంది పిల్లలు బల్ల మూసేస్తారు. అప్పటిదాకా ఫీజులు కట్టిన తల్లిదండ్రులకు అదంతా వృథా అయిందనిపిస్తుంది. కప్పులను అటక మీదికి పంపేటప్పుడు ఒక మాట అనేస్తారు కూడా. అనకండి. ఇది వయసు మీరితే ఆడలేని ఆట కాదు. 1957లో ప్రపంచ చాంపియన్ అయిన వాసిలీ స్మిస్లోవ్, అరవై మూడేళ్ళ వయసులో మళ్ళీ, చాంపియన్‌తో తలపడేవాణ్ణి తేల్చే క్యాండిడేట్స్ ఫైనల్ దాకా వచ్చి, ఇరవై ఏళ్ళ కాస్పరోవ్ ఎదుట కూర్చున్నాడు. ఓడిపోయాడు. ఆ తర్వాత 1991లో మొదలైన ప్రపంచ సీనియర్ చాంపియన్‌షిప్‌ను మొదటగా గెలిచింది ఆయనే. ఇప్పుడు ఆ పోటీల్లో యాభై దాటినవాళ్ళకు ఒక విభాగం, అరవై అయిదు దాటినవాళ్ళకు మరొకటి. మీ ఎనిమిదేళ్ళవాడు ఆ రెండో దానికి అర్హుడవడానికి ఇంకా యాభై ఏడేళ్ళుంది. ఈలోగా సాయంత్రాలు ఇటు పంపండి, మంత్రి లేకుండా ఎలా ఆడాలో నేను చూపిస్తాను.