రాత్రి ఫోను, పగలు తలనొప్పి



ఇంటర్ పరీక్షలకు నెల రోజుల ముందు ఒక తండ్రి తన కుమార్తెను మా ఓ.పి.కి తీసుకొచ్చారు. తలనొప్పి, కళ్ళమంట, చదివింది గుర్తుండటం లేదు. తలకు స్కాన్ తీయించాలని అప్పు కూడా చేసి తెచ్చారాయన. పరీక్షించి చూస్తే చూపు, బి.పి., రక్తం అన్నీ బాగానే ఉన్నాయి. తండ్రిని కాసేపు బయట కూర్చోమని, "రాత్రి ఎన్నింటికి పడుకుంటావమ్మా?" అని అడిగాం. ఆ అమ్మాయి తలవంచుకుని, "ఒంటిగంట దాటుతుంది" అంది. పుస్తకం పదకొండుకే మూసేస్తుంది. ఆ తర్వాత ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, వాట్సాప్ గ్రూపులు. తెల్లవారి అయిదున్నరకు మళ్ళీ లేవాలి.

13 నుండి 18 ఏళ్ళ వారికి రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర కావాలి. ఈ బిడ్డకు దక్కేది నాలుగున్నర గంటలు కూడా కాదు. పగలు చదివిన పాఠాన్ని మెదడు పదిలపరచుకునేది ముఖ్యంగా నిద్రలోనే. కాబట్టి నిద్ర తగ్గితే పగలు పడ్డ కష్టం కూడా సరిగా అక్కరకు రాదు. ఫోను వెలుగు నిద్రను ఆలస్యం చేస్తుందంటారు, నిజమే. కాని మేము చూసినంతలో వెలుగుకన్నా "ఇంకొక్కటి చూసి పడుకుందాం" అనే ఆశే పిల్లలను ఎక్కువగా మేలుకొలుపుతుంది. పుస్తకానికి చివరి పేజీ ఉంటుంది, రీల్స్‌కు లేదు గదా!

పగలు నష్టం మరో విధంగా ఉంటుంది. ఒకసారి దృష్టి మళ్ళితే తిరిగి పాఠంపై మనసు నిలవడానికి 20 నిమిషాల వరకు పట్టవచ్చని యునెస్కో 2023 నివేదిక పేర్కొంది. అరనిమిషం మెసేజి అరనిమిషంతో పోదన్నమాట.

ఫోను పూర్తిగా లాక్కోమని మేము చెప్పం. ఇప్పుడు లెక్చరర్ల నోట్సు వచ్చేది కూడా వాట్సాప్‌లోనే. రాత్రి పదికి ఇంట్లోని ఫోన్లన్నీ హాల్లో చార్జింగు పెట్టండి. "అలారం కోసం" అంటే ఒక గడియారం కొనివ్వండి.

"నా ఫోను కూడానా?" అన్నారా తండ్రి. మీది కూడా అన్నాం. స్కాన్ రాయలేదు.

అయితే తలనొప్పితోపాటు వాంతులు, చూపు మసకబారడం, జ్వరం ఉంటే ఫోను మీద నెట్టేయకుండా వెంటనే తీసుకురండి. బిడ్డ ఎవరితోనూ మాట్లాడక దిగులుగా ఉంటే, ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.